ఒకే కొలతను పదిసార్లు చదివితే

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. నీటిలో ఉన్న ప్రోటీన్ల వంటి జీవకణాల అణువులు ఒకదానినొకటి ఎలా పట్టుకుంటాయి, ఆ పట్టును సంఖ్యగా ఎలా చెబుతాం, ఆ సంఖ్యను ఎంతవరకు నమ్మవచ్చు అన్నది ఆ విషయం. అనంతపురం నుంచి వచ్చిన ఉత్తరానికి ఎక్కువ చోటు ఇస్తున్నాను. ఆ అమ్మాయి పడుతున్న ఇబ్బంది మన కళాశాలల ప్రయోగశాలల్లో ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు పడేదే.

ప్రశ్న (కర్నూలు నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు): వేరుశనగ నూనెను నీళ్లలో పోసి ఎంత గిలక్కొట్టినా కాసేపటికి మళ్లీ పైకి తేలి ఒక్కటవుతుంది. నూనెకు నీరంటే పడదని ముప్పై ఏళ్లు పిల్లలకు చెప్పాను. ప్రోటీన్లు ముడుచుకోవడానికి కూడా ఇదే ముఖ్య కారణమని ఈమధ్య చదివాను. ఈ పడకపోవడం అంటే అసలు ఏమిటి?

జవాబు: మీరు పిల్లలకు చెప్పిన మాట చూసినదాన్ని చూసినట్టు చెప్పింది, మాస్టారూ; కారణం మాత్రం వేరు. నూనె అణువుకూ నీటి అణువుకూ మధ్య ఆకర్షణ లేకపోలేదు. బ్యూటేన్ వంటి నూనెజాతి అణువు గది ఉష్ణోగ్రత దగ్గర నీటిలో కరిగినప్పుడు కొద్దిగా వేడి బయటికే వస్తుంది. అంటే శక్తి లెక్కలో చూస్తే ఆ కలయికకు పెద్ద అభ్యంతరం లేదు. అభ్యంతరమంతా నీరు ఎన్ని విధాలుగా అమరగలదన్న లెక్కలో ఉంది.

ఒక నీటి అణువు చుట్టూ నాలుగు పొరుగు అణువులు నాలుగు దిక్కుల్లో ఉన్నాయనుకుందాం. తనకున్న రెండు హైడ్రోజన్లను అది ఆ నాలుగింటిలో ఏ రెండు దిక్కులకైనా తిప్పి చేయి కలపవచ్చు. అందుకు 6 విధాలున్నాయి. ఇప్పుడు ఒక పొరుగు స్థానంలో నూనె అణువు వచ్చి కూర్చుంది. దానితో హైడ్రోజన్ బంధం కుదరదు కనుక, బంధాలు పోగొట్టుకోకూడదంటే మిగిలిన మూడు దిక్కుల్లో రెండింటినే ఎంచుకోవాలి. అందుకు 3 విధాలే ఉన్నాయి. ఒక్క అణువు స్వేచ్ఛ సగమైంది. నూనెను ఆనుకున్న నీటి అణువులు పది ఉంటే అమరికల సంఖ్య 1024లో ఒక వంతుకు పడిపోతుంది. 1935లో లైనస్ పౌలింగ్ మంచుగడ్డలోని అమరికలను లెక్కించడానికి వాడినది ఇటువంటి ఎత్తుగడే. అసలు నీరు ఇంత క్రమంగా ఉండదు, ఇది చేతివేళ్ల మీద లెక్కపెట్టుకోవడానికి వేసుకున్న నమూనా మాత్రమే. అయినా విషయం ఎటు మొగ్గుతుందో ఇది సరిగ్గానే చూపిస్తుంది.

రెండు నూనె బొట్లు ఒకటైతే నీటికి తగిలే ఉపరితలం తగ్గుతుంది, ఆ మేరకు నీటి అణువులు మళ్లీ స్వేచ్ఛ పొందుతాయి. ఎక్కువ అమరికలున్న స్థితి ఎక్కువసార్లు ఎదురవుతుంది. భౌతిక శాస్త్రవేత్త బోల్ట్జ్‌మన్ చెప్పిన ఎంట్రోపీకి అర్థం ఇదే, వియన్నాలో ఆయన సమాధి మీద చెక్కి ఉన్న సూత్రం చెప్పేదీ ఇదే. ప్రోటీన్ గొలుసులోని నూనెజాతి భాగాలు నీటికి దూరంగా లోపలికి ముడుచుకోవడం వెనుక ఉన్న ప్రధాన కారణం ఈ నీటి లెక్కేనని 1959లో వాల్టర్ కౌజ్‌మన్ గట్టిగా వాదించాడు. అంతకు ముందు 1945లో ఫ్రాంక్, ఇవాన్స్ అనే ఇద్దరు నూనె అణువు చుట్టూ నీరు చిన్న మంచుకొండలా కట్టుకుంటుందని పోల్చారు. ఆ పోలిక పాఠ్యపుస్తకాల్లో ఇప్పటికీ కనిపిస్తుంది, కానీ దానిని అక్షరాలా తీసుకోకూడదు. అక్కడి నీరు గడ్డకట్టదు, ఎంపికలు తగ్గిన ద్రవంగానే ఉంటుంది.

ప్రశ్న (అనంతపురం నుంచి ఎం.ఎస్సీ. బయోకెమిస్ట్రీ విద్యార్థిని): సార్, ఒక ప్రోటీన్‌కు ఒక చిన్న అణువు ఎంత గట్టిగా అంటుకుంటుందో ఫ్లోరెసెన్స్ పద్ధతిలో, అంటే వెలువడే వెలుగులో మార్పును చూసి, కొలుస్తున్నాను. ఫిబ్రవరిలో చేసిన ప్రయోగంలో విఘటన స్థిరాంకం (పట్టు ఎంత గట్టిదో చెప్పే సంఖ్య) 0.8 మైక్రోమోలార్ వచ్చింది. ప్రతి గాఢత దగ్గరా పది రీడింగులు తీసుకున్నాను. ఈ కొలతలను సరళరేఖగా మార్చి గీసే స్కాచర్డ్ గ్రాఫులో ఆర్ స్క్వేర్ (బిందువులు గీతకు ఎంత దగ్గరగా ఉన్నాయో చెప్పే సంఖ్య) 0.99, దోషం 0.03 మాత్రమే. అదే ప్రయోగం మార్చిలో చేస్తే 1.9, ఏప్రిల్‌లో చేస్తే 2.6 వచ్చింది. చిన్న అణువు గాఢత మూడుసార్లూ 5 నుంచి 40 మైక్రోమోలార్ వరకు తీసుకున్నాను. మా ల్యాబులో ఏసీ లేదు. మొదటిది చక్కగా వచ్చింది కనుక దానినే థీసిస్‌లో రాసి మిగతా రెండూ వదిలేయమని స్నేహితులు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: వదిలేయవద్దు, అమ్మా. మూడింటినీ రాయండి. మీ దగ్గరున్న వాటిలో ఎక్కువ విలువైనవి ఆ వదిలేయమన్న రెండే. ఎందుకో వివరంగా చెబుతాను.

ముందుగా మీరు కొలుస్తున్నది ఏమిటో చూద్దాం. మీ టవర్ క్లాక్ దగ్గర ఆటో స్టాండులో ఏ క్షణాన చూసినా కొన్ని ఆటోలలో ప్రయాణికులు ఉంటారు, కొన్ని ఖాళీగా ఉంటాయి; ఎక్కేవారు ఎక్కుతూ, దిగేవారు దిగుతూనే ఉంటారు. మీ ప్రోటీన్ అణువుల పరిస్థితీ అంతే. ఎంత గాఢత దగ్గర సగం ప్రోటీన్లు నిండి ఉంటాయో ఆ గాఢతే విఘటన స్థిరాంకం. అది తక్కువైతే పట్టు ఎక్కువ అన్నమాట. ఈ ఎక్కడం, దిగడం జరిగేది నీటిలో. లీటరు నీటిలో సుమారు 55 మోల్‌ల నీరు ఉంటుంది కనుక, 1 మైక్రోమోలార్ ద్రావణంలో మీ చిన్న అణువు ఒక్కోదానికి దాదాపు 5.5 కోట్ల నీటి అణువులు చుట్టూ ఉంటాయి. అది ప్రోటీన్‌ను చేరాలంటే ఇద్దరినీ పట్టుకొని ఉన్న నీరు తప్పుకోవాలి, అయాన్లు సర్దుకోవాలి. చివరికి మీ చేతికి వచ్చే సంఖ్య ఇన్ని పెద్ద మొత్తాల మధ్య మిగిలిన చిన్న తేడా.

ఆ తేడా ఎంత చిన్నదో చూడండి. 25 డిగ్రీల దగ్గర వేడి వల్ల అణువులకుండే కదలిక శక్తి కొలమానం మోల్‌కు సుమారు 0.6 కిలోకేలరీలు. విఘటన స్థిరాంకం పది రెట్లు మారాలంటే బంధపు స్వేచ్ఛా శక్తి (వేడి లెక్క, ఎంట్రోపీ లెక్క రెండూ కలిపితే తేలేది) 1.4 కిలోకేలరీలు మారితే చాలు. మూడు రెట్లకు 0.65 సరిపోతుంది. మీ ఫిబ్రవరికీ ఏప్రిల్‌కూ మధ్య వచ్చిన మూడు రెట్ల పైచిలుకు తేడా అణువుల వైపు నుంచి చూస్తే ఆ వేడి కదలికంత మాత్రమే. కనుక మీరేదో ఘోరమైన తప్పు చేశారని కుంగిపోనక్కరలేదు.

ఇక 0.03 అన్న దోషం సంగతి. ఒకే గొట్టంలోని ద్రావణాన్ని పదిసార్లు చదివితే యంత్రం చదవడంలో ఎంత తడబడుతుందో తెలుస్తుంది, అంతే. ప్రోటీన్ గాఢత కొలవడంలో పొరపాటు జరిగి ఉంటే, పిపెట్ కొంచెం ఎక్కువ పోసి ఉంటే, ఆ రోజు బఫర్‌లో (ఆమ్లత మారకుండా నిలిపే ద్రావణంలో) ఉప్పు తేడా వచ్చి ఉంటే, ఆ పది రీడింగులూ ఒకే వైపుకు తప్పుతాయి. పదికి పదీ ఒకదానితో ఒకటి ఏకీభవిస్తాయి కూడా. బఫర్‌ను కొత్తగా కలిపి, ప్రోటీన్‌ను కొత్తగా తీసి, వేరే రోజున మొదటినుంచీ చేసినదే స్వతంత్రమైన ప్రయోగం. ఆ లెక్కన మీ దగ్గరున్నవి ముప్పై కొలతలో మూడు వందల కొలతలో కావు, మూడే.

ఆ మూడింటి నుంచి నిజాయతీగా ఏం చెప్పగలమో లెక్కవేశాను. ఇటువంటి స్థిరాంకాలు రెట్లలో మారతాయి కనుక సంవర్గమానాలు తీసుకొని సగటు వేయాలి. అంటే గుణమధ్యమం కావాలి. 0.8, 1.9, 2.6 ల గుణమధ్యమం 1.6 మైక్రోమోలార్. సంవర్గమానాల ప్రామాణిక విచలనం 0.265. మూడే ప్రయోగాలున్నప్పుడు 95 శాతం విశ్వాస అంతరానికి ప్రామాణిక దోషాన్ని (ఆ విచలనాన్ని ప్రయోగాల సంఖ్య వర్గమూలంతో భాగిస్తే వచ్చేదాన్ని) 2తో గుణిస్తే చాలదు, టి-పట్టిక ప్రకారం 4.3తో గుణించాలి. అప్పుడు వచ్చే అంతరం 0.35 నుంచి 7.2 వరకు. ఇంత విశాలమైన జవాబు చూసి మనసు కష్టపడుతుందని నాకు తెలుసు. కానీ మీకు నిజంగా తెలిసినది అంతే, 0.8కి అటూఇటూ 0.03 అన్నది మీకు తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పడం అవుతుంది. మంచి మాట ఏమిటంటే, మరో మూడు ప్రయోగాలు చేసి, చెదురు ఇంతే ఉన్నా, అంతరం 0.83 నుంచి 3.0కి కుదించుకుపోతుంది. ఒక్కో గొట్టాన్ని వందసార్లు చదివినా ఆ లాభం రాదు.

మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే ఆపింది ఒక చిన్న వాక్యం: ల్యాబులో ఏసీ లేదన్నది. మీ మూడు సంఖ్యలు ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ వరుసలోనే పెరిగాయి. అనంతపురంలో ఏప్రిల్ మధ్యాహ్నం ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు. అంటుకున్నప్పుడు మోల్‌కు 10 కిలోకేలరీల వేడి విడుదల చేసే బంధమైతే, 25 డిగ్రీల నుంచి 35 డిగ్రీలకు పోయేసరికి విఘటన స్థిరాంకం 1.7 రెట్లు పెరుగుతుంది. అంటే మీ చెదురులో మంచి భాగం ఎండ నుంచే వచ్చి ఉండవచ్చు. అయితే ఏ కారణమూ లేకపోయినా మూడు సంఖ్యలు వరుసగా పెరుగుతూ రావడం ఆరుసార్లలో ఒకసారి జరుగుతుంది కనుక దీన్ని రుజువుగా పట్టుకోకండి. పరీక్షించవలసిన అనుమానంగా పట్టుకోండి. నీటి తొట్టిలో ఉష్ణోగ్రత నిలిపి 25 దగ్గర రెండుసార్లు, 35 దగ్గర రెండుసార్లు చేసి చూడండి. అనుమానం నిజమైతే మీ థీసిస్‌కు ఒక దోషం తగ్గి ఒక ఫలితం పెరుగుతుంది. బఫర్ విషయంలోనూ అంతే జాగ్రత్త కావాలి. ఉప్పు గాఢత 0.01 మోలార్ ఉన్నప్పుడు రెండు ఆవేశాలు ఒకదానికొకటి దాదాపు 3 నానోమీటర్ల దూరం వరకు తెలుస్తాయి, 0.15 మోలార్ చేస్తే 0.8 నానోమీటర్లకే ఆ ప్రభావం అణగిపోతుంది. మన జిల్లాల బోరునీటిలో లవణాలు ఎంత ఉంటాయో, ఫ్లోరైడ్ ఎంత బాధపెట్టిందో మనకు తెలుసు. అయాన్లు తీసిన నీటిని, అదీ ఒకే బ్యాచ్‌ది, అన్ని ప్రయోగాలకూ వాడండి.

ఇక గ్రాఫు. స్కాచర్డ్ 1949లో తన పద్ధతిని చెప్పినప్పుడు గ్రాఫు కాగితం, స్కేలు తప్ప వక్రరేఖను సరిపెట్టే సాధనం చాలామందికి లేదు. వక్రరేఖను సరళరేఖగా మార్చడం అప్పటి అవసరం. కానీ ఆ గ్రాఫులో అంటుకున్న పరిమాణం అడ్డం గీతలోనూ ఉంటుంది, నిలువు గీతలోనూ ఉంటుంది. ఒకే దోషం రెండు వైపులా కూర్చుంటే అడ్డం గీత విలువల్లో దోషం ఉండకూడదన్న, సరళరేఖ సరిపెట్టే పద్ధతికి పునాది అయిన షరతే పోతుంది. ఆర్ స్క్వేర్ 0.99 రావడం ఆ గీత బాగుందని చెబుతుందే కానీ స్థిరాంకం సరైనదని చెప్పదు. ఈరోజు కంప్యూటర్‌లో అసలు వక్రరేఖనే నేరుగా సరిపెట్టవచ్చు, అదే చేయండి. మీ ప్రోటీన్ గాఢత స్థిరాంకంతో పోల్చదగినంత ఉంటే, పోసిన చిన్న అణువులన్నీ స్వేచ్ఛగా ఉన్నాయని అనుకోకుండా, అంటుకుపోయినవాటిని తీసివేసే వర్గ సమీకరణాన్ని వాడండి.

గాఢతల ఎంపిక గురించి చెప్పకపోతే ఈ జవాబు సగమే. స్థిరాంకం 1.6 అనుకుంటే, 5 మైక్రోమోలార్ దగ్గరే 76 శాతం ప్రోటీన్లు నిండిపోయాయి, 40 దగ్గర 96 శాతం. అంటే మీరు ఆటో స్టాండును రద్దీ వేళలోనే చూశారు. ఏ కొలత ఎంత సమాచారం ఇస్తుంది, ఆ సమాచారంతో దోషాన్ని ఎంతకన్నా తగ్గించలేం అన్న ప్రశ్నకు 1945లో హద్దు గీసినవాడు మన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు. ఆయన పుట్టిన హడగళి అప్పటి బళ్లారి జిల్లాలోది. అనంతపురం, కర్నూలు, కడపలతో పాటు బళ్లారి కూడా దత్తమండలమే కనుక ఆయనను ఈ నేల మనిషి అనుకోవడంలో నాకు సంతోషం ఉంది. క్రామర్–రావు హద్దును మీ ప్రయోగానికి అన్వయిస్తే తేలేది ఇది: గరిష్ఠ విలువ (ప్రోటీన్లన్నీ నిండినప్పుడు వచ్చే రీడింగు) తెలిసి ఉంటే, స్థిరాంకం గురించి ఎక్కువ సమాచారం ఇచ్చేది స్థిరాంకానికి సమానమైన గాఢత దగ్గరి కొలత. గరిష్ఠం కోసం పై గాఢతలు రెండు మూడు ఎలాగూ కావాలి. కనుక 0.2 నుంచి 20 మైక్రోమోలార్ వరకు రెట్టింపు చేసుకుంటూ పొండి. పని పెరగదు, గొట్టాల సంఖ్య అంతే ఉంటుంది.

ప్రశ్న (కడప నుంచి ఒక ఇంజనీరింగ్ విద్యార్థి): ఒక ప్రోటీన్‌నూ దానికి అంటుకున్న మందు అణువునూ నీటిలో ఉంచి కంప్యూటర్‌లో వాటి కదలికను లెక్కకట్టే 100 నానోసెకన్ల అనుకరణ నడిపాను. ప్రతి 10 పికోసెకన్లకు (నానోసెకనులో వెయ్యో వంతు పికోసెకను) ఒకటి చొప్పున 10,000 చిత్రాలు వచ్చాయి. వాటి సగటు శక్తికి దోషం 0.02 కిలోకేలరీలే వచ్చింది. ఇది ప్రయోగం కంటే కచ్చితం కాదా? నీటి అణువులను తీసేస్తే లెక్క ఎంతో త్వరగా అవుతోంది, తీసేయవచ్చా?

జవాబు: మొదట ఒక మనిషిని గుర్తు చేసుకుందాం. మీరు చేస్తున్న ఈ పద్ధతికి దారి వేసినవారిలో ముఖ్యుడు హైదరాబాదులో పుట్టిన అనీసుర్ రహమాన్. 1964లో 864 ఆర్గాన్ పరమాణువులతో ద్రవాన్ని, 1971లో స్టిలింగర్‌తో కలిసి 216 అణువులతో నీటిని కంప్యూటర్‌లో కదిలించి చూపించాడు. మొదటి ప్రోటీన్ అనుకరణ 1977లో వచ్చింది. అది నీరు లేకుండా, 10 పికోసెకన్ల లోపే నడిచింది. మీ గదిలో నడిచిన లెక్క దానికి పదివేల రెట్లు పొడుగు. ఇది చిన్న సంగతి కాదు.

కానీ మీ 0.02 నిలబడదు. కడపలో ఈరోజు వాన పడిందా అని నిమిషానికి ఒకసారి తొంగిచూసి, రోజుకు 1440 పరిశీలనలు చేశానని ఎవరైనా అంటే మీరు ఒప్పుకోరు. ఈ నిమిషం పడుతుంటే వచ్చే నిమిషమూ పడుతూనే ఉంటుంది కదా. మీ చిత్రాలూ అంతే. ప్రోటీన్‌లోని ఒక మడత అటునుంచి ఇటు తిరగడానికి 5 నానోసెకన్లు పడుతుందనుకుంటే, ఒక చిత్రం మరొకదానితో సంబంధం తెంచుకోవడానికి దానికి రెట్టింపు కావాలి కనుక, 100 నానోసెకన్లలో మీకు దొరికిన స్వతంత్ర చిత్రాలు సుమారు 10. దోషం పదివేల వర్గమూలంతో కాక పది వర్గమూలంతో తగ్గుతుంది. కనుక 0.02 అన్నది 0.6 దాకా పోతుంది. ఫ్లివ్‌బెర్గ్, పీటర్సన్ 1989లో చెప్పిన పద్ధతి తేలిక: వరుస చిత్రాలను ముక్కలుగా చేసి, ముక్కల సగటుల చెదురు చూడండి, ముక్క పొడుగు పెంచుకుంటూ పోతే దోషం పెరిగి పెరిగి ఒకచోట ఆగుతుంది. ఆగినదే మీ దోషం. ఎక్కడా ఆగకపోతే మీ అనుకరణ చాలలేదని అర్థం. వేర్వేరు ఆరంభాల నుంచి నాలుగైదు అనుకరణలు నడపడం ఇంకా మంచిది.

నీటిని తీసేసి దాని సగటు ప్రభావాన్ని మాత్రం ఉంచే నమూనాలు ఉన్నాయి, తొలి వడపోతకు పనికొస్తాయి. కానీ కొన్నిచోట్ల ఒక్క నీటి అణువే పాత్రధారి. ఎయిడ్స్ వైరస్‌కు చెందిన హెచ్.ఐ.వి. ప్రోటియేజ్ అనే ఎంజైములో మందుకూ ప్రోటీన్ రెక్కలకూ మధ్య వంతెనలా ఒక నీటి అణువు ఉంటుంది. దాని చోటులో తానే కూర్చునేలా మందు అణువును రూపొందించిన పని 1994లో వెలువడింది. సగటు నీటికి ఆ ఒక్క అణువు కనపడదు.

ప్రశ్న (ప్రొద్దుటూరు నుంచి ఒక అధ్యాపకుడు): ప్రోటీన్‌కు అంటుకునే పన్నెండు అణువుల ఎంథాల్పీలను (వేడి లెక్కను), ఎంట్రోపీ భాగాలను (అమరికల లెక్కను) గ్రాఫు గీస్తే చక్కటి సరళరేఖ, వాలు దాదాపు 1 వచ్చింది. ఒకటి పెరిగితే మరొకటి దానిని పూడ్చడం నీటి ధర్మమని చెప్పవచ్చా?

జవాబు: ఇప్పుడే చెప్పవద్దు. ఎంట్రోపీ భాగాన్ని మీరు విడిగా కొలవలేదు. ఎంథాల్పీ నుంచి స్వేచ్ఛా శక్తిని తీసివేసి రాబట్టారు. ఎంథాల్పీలో 2 కిలోకేలరీల దోషం ఉంటే అదే 2 ఎంట్రోపీ భాగంలోనూ పడి, బిందువు సరిగ్గా ఆ గీత వెంటే జరుగుతుంది. పైగా మన యంత్రాలు మరీ బలహీనమైన పట్టునూ మరీ గట్టి పట్టునూ కొలవలేవు కనుక స్వేచ్ఛా శక్తులన్నీ 7కూ 10కీ మధ్య ఇరుకు పట్టీలో ఉంటాయి. ఎంథాల్పీలు 0 నుంచి 20 వరకు పరుచుకుంటే సరళరేఖ దానంతట అదే వస్తుంది. ఎంథాల్పీనీ ఎంట్రోపీనీ వేర్వేరు ఉష్ణోగ్రతల కొలతల నుంచి లెక్కగట్టినప్పుడు దోషాలే ఇటువంటి గీతను పుట్టిస్తాయని క్రగ్, హంటర్, గ్రీగర్ 1976లోనే చూపారు. నీటిలో నిజమైన పూడిక ఉండదని నేననడం లేదు, బంధం గట్టిపడితే కదలిక తగ్గడం సహజమే. మీ గ్రాఫు మాత్రం దానికి సాక్ష్యం కాదు. అవే పన్నెండు అణువులకు స్వేచ్ఛా శక్తిని ఎంథాల్పీతో గీసి, ప్రతి బిందువుకూ రెండు వైపులా దోషపు గీతలు పెట్టి చూడండి. అక్కడ ఏం కనిపించిందో రాస్తే, వచ్చే నెల అక్కడినుంచే మొదలుపెడదాం.